నలభై వేల లోపు హాలో బాడీ గిటార్: ఫుల్ హాలోనా, సెంటర్ బ్లాకా?

పర్లాకిమిడి కుర్రాడు

అన్నలకి, పెద్దలకి నమస్కారం. ఒక విషయం తేల్చుకోలేక ఇక్కడ అడుగుతున్నాను. నా దగ్గర ఇప్పుడు స్ట్రాట్ టైపు సాలిడ్ బాడీ (లోపల ఖాళీ లేని ఒకే చెక్క) ఎలక్ట్రిక్ గిటార్ ఉంది, దాంతో ఇబ్బందేం లేదు గాని సౌండు పల్చగా ఉంటాది, ఎంత టోన్ తగ్గించినా నాకు కావాల్సింది రాదు. పాత సినిమా పాటల్లో వెనకాల మెత్తగా నడిచే గిటార్ ఉంటాది చూడండి, కార్డు కొడితే గుండ్రంగా వచ్చి వెంటనే తగ్గిపోతాది, అది కావాలి నాకు.

నేను వాయించేది రెండు చోట్ల. ఆదివారం మా చర్చిలో, పెళ్ళిళ్ళ సీజన్లో మెలోడీ పార్టీతో. మెలోడీ అంటే మనవైపు అందరికీ తెలిసిందే, ఓపెన్ స్టేజి, డ్రమ్స్, ప్యాడ్, రెండు కీబోర్డులు, పక్కన నిలువెత్తు బాక్సులు, ఒక ఒడియా పాట ఒక తెలుగు పాట. బడ్జెట్ నలభై వేలు, అందులోనే బ్యాగు, తీగలు కూడా రావాలి, అంతకు మించి ఒక్క రూపాయి పెట్టలేను.

చూసినవి ఇవి: ఐబానెజ్ ఆర్ట్‌కోర్ లో ఏఎఫ్55, ఏఎఫ్75 (ఇవి ఫుల్ హాలో, బాడీ లోపలంతా ఖాళీ), ఏఎస్53, ఏఎస్73 (ఇవి సెమీ హాలో, మధ్యలో చెక్క బ్లాకు ఉంటాది). గ్రెచ్ స్ట్రీమ్‌లైనర్ లో జి2420 ఫుల్ హాలో, జి2622 సెంటర్ బ్లాక్. స్క్వయర్ స్టార్‌కాస్టర్ కూడా ఉంది. వీటిలో కొన్ని కొత్తవి నా బడ్జెట్ దాటిపోతున్నాయి, సెకండ్ హ్యాండ్ అయినా పర్వాలేదు. మనసు మాత్రం ఫుల్ హాలో మీదే ఉంది. మా కీబోర్డు అన్న ససేమిరా వద్దంటున్నాడు, స్టేజి మీద ఊళ వేస్తాది అంటాడు. ఎవరి మాట వినాలి?

రాయగడ సౌండ్

మీ కీబోర్డు అన్న మాటే విను తమ్ముడూ. నేను గిటార్ వాయించను, మిక్సర్ దగ్గర కూర్చుంటాను, కాబట్టి నాకు ఏ బ్రాండు మీదా ప్రేమ లేదు.

ఫుల్ హాలో స్టేజి మీదకి వస్తే ఏమవుతాదో చెప్తాను. బాడీ లోపల ఏమీ ఉండదు, పైచెక్క పల్చన, స్వేచ్ఛగా అదురుతాది, అందుకే కదా ఆ సౌండు. ఇప్పుడు కాళ్ళ ముందర మానిటర్, వెనక డ్రమ్స్, పక్కన బేస్ ఆంప్. బేస్ అబ్బాయి కింది ఎ నోటు పట్టుకోగానే గిటార్ ని ఎవరూ ముట్టకుండానే తీగలు కదలడం మొదలవుతాది, నేను కళ్ళారా చూసినాను, అబ్బాయి చేతులు గాల్లో ఉన్నాయి, గిటార్ మాత్రం మూలుగుతోంది. ఆ అదురుని తీగల కింద ఉండే పికప్పు పట్టుకుని కరెంటుగా మారుస్తాది, అది ఆంప్ లోంచి వస్తాది, మళ్ళీ చెక్కని అదిరిస్తాది, అలాగ పెరిగి పెరిగి హాలంతా హూ అని ఊళ. ఇది చెవులు చిల్లులు పడే సన్న విజిల్ కాదు, లావు సౌండు, చాలాసార్లు ఎ తీగ 110 హెర్ట్జ్ చుట్టుపక్కలో ఇంకాస్త పైనో, గిటార్ని బట్టి. నేను మిక్సర్లో ఈక్యూతో ఆ లావు సౌండు కోసేస్తే ఊళ పోతాది, దాంతోపాటు నువ్వు ఏ మెత్తదనం కోసం అంత డబ్బు పెట్టినావో అదీ పోతాది.

ఈ బాధ పడలేకే గిబ్సన్ వాళ్ళు 1958లో ఈఎస్-335 చేసినారు. బాడీ మధ్యలో మేపుల్ దిమ్మ, రెండు రెక్కలు మాత్రం ఖాళీ. ఓపెన్ స్టేజికి అదే సరైన డిజైను, నలభై వేలైనా నాలుగు లక్షలైనా.

గునుపురం మాష్టారు

బాబూ, రాయగడ వారు చెప్పింది స్టేజి వరకు నిజం, కాదనను. కాని నువ్వు అడిగిన సౌండు ఏమిటో ఇంకోసారి చదువుకో. గుండ్రంగా వచ్చి వెంటనే తగ్గిపోవాలి అన్నావు. ఆ తగ్గిపోవడం ఫుల్ హాలోది. తీగ శక్తిని పైచెక్క లాగేసుకుంటుంది, నోటు ముందు గట్టిగా పలికి తొందరగా వాలిపోతుంది, అందుకే కార్డు మీద కార్డు వేసినా ఒకదాని మీద ఇంకోటి పేరుకోదు. సెంటర్ బ్లాక్ లో నోటు సాగుతుంది. సోలోకి సాగడం బాగుంటుంది, నువ్వు అడిగింది సోలో కాదు.

ఇంకొకటి, చవక గిటార్ అంటే ప్లైవుడ్ కదా దానికేం టోను అనేవాళ్ళు ఈ చర్చలోకి ఎలాగూ వస్తారు, ముందే చెప్పేస్తున్నాను. 1949లో వచ్చిన గిబ్సన్ ఈఎస్-175 పైచెక్క కూడా పొరలు అతికించిన మేపులే. జాజ్ గిటారిస్టు జో పాస్ వాయించింది దాని మీదే. జాజ్ లో ఆ చిక్కటి సౌండు అంటే సగం మందికి గుర్తొచ్చేది ఆ ప్లైవుడ్ గిటారే. పొరల చెక్క మన వానాకాలానికి కూడా మంచిది, ఒంటి చెక్క కంటే తక్కువ ఉబ్బుతుంది, తక్కువ వంకర పోతుంది.

చర్చిలో చిన్న ఆంప్ పెట్టుకుని, ఆంప్ కి ఎదురుగా కాకుండా పక్కకి తిరిగి కూర్చుంటే ఫుల్ హాలోతో ఏ ఇబ్బందీ ఉండదు, నేను అలాగే వాయిస్తున్నాను. రాత్రి ఇంట్లో ఆంప్ లేకుండా సాధన చేసుకోవచ్చు, గదిలో సరిపడా వినపడుతుంది. ఆ ఒక్క సుఖం సెంటర్ బ్లాక్ వాళ్ళకి లేదు.

బరంపురం ఆరు తీగలు

ఇద్దరూ బాడీ గురించే మాట్లాడుతున్నారు గాని ఈ రేటులో అసలు తేడా తీగల్లో, సెట్టింగులో ఉంటాది. షాపులో వేలాడే ప్రతి హాలో బాడీకీ సన్నపాటి రౌండ్ వౌండ్ తీగలు (గుండ్రటి తీగ చుట్టినవి, గరుకుగా ఉంటాయి) వేసి ఉంటాయి, దాంతో వాయించి చూసి ఇది కూడా నా స్ట్రాట్ లాగే ఉందే అని నిరుత్సాహపడిపోతారు. ఫ్లాట్ వౌండ్ (చదును తీగ చుట్టిన నున్నటి తీగలు) సెట్టు వేయి, డి'అడారియో క్రోమ్స్ లో 11-50 గాని 12-52 గాని (ఇవి సన్న తీగ, లావు తీగల మందం), మూడో తీగ కూడా చుట్టు తీగే ఉంటాది వాటిలో. నెక్ పికప్పు (మెడ దగ్గరది) పెట్టు, టోను సగానికి దించు, పిక్కు ఒగ్గేసి బొటనవేలితో కొట్టి చూడు, జాజ్ గిటారిస్టు వెస్ మాంట్‌గోమరీ జీవితమంతా బొటనవేలితోనే వాయించినాడు. నువ్వు చెప్పే సౌండులో చాలా భాగం అక్కడే వచ్చేస్తాది, ఏఎస్73 మీద అయినా సరే.

మూడో తీగ లావు అవుతాది కాబట్టి నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) గాడి కొంచెం రాయాల్సి రావచ్చు, గాడిలో తీగ పట్టేస్తే ట్యూనింగ్ నిలవదు. అది తెలిసినవాడి చేత చేయించు. మాకు గోపాలపురం సముద్రపు గాలి తగులుతాది, మామూలు తీగలు నెలకే తుప్పు పడతాయి, ఫ్లాట్లు చాలా రోజులు వస్తాయి, రేటు ఎక్కువైనా కిట్టుబాటే.

పికప్పులు మార్చాలనే ఆలోచన మాత్రం పెట్టుకోకు, ఆ డబ్బు తీగలకి, సెట్టింగుకి పెట్టు.

పర్లాకిమిడి కుర్రాడు

మాష్టారు గారూ, మీరు చెప్పింది చదివితే ఏఎఫ్75 కొనేయాలనిపిస్తోంది, రాయగడ అన్న చెప్పింది చదివితే భయమేస్తోంది. ఎఫ్ హోల్స్ (పైచెక్క మీద ఎఫ్ ఆకారం కన్నాలు) లో గుడ్డ గాని ఫోమ్ గాని కూరితే ఊళ ఆగుతాదని విన్నాను, నిజమేనా? ఇంకో మాట, ఎపిఫోన్ క్యాసినో సెకండ్ హ్యాండ్ ది ఒకటి దొరికేలా ఉంది, అది ఎలా ఉంటాది?

రాయగడ సౌండ్

గుడ్డ కూరడం నిజమే తమ్ముడూ, బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్ అంతటివాడే ఎఫ్ హోల్స్ లో గుడ్డలు కుక్కి వాయించేవాడు. ఆయన గిటార్ సెమీ హాలో, అందులో దిమ్మ ఉంది, అయినా కుక్కాల్సి వచ్చింది. చివరికి 1980లో గిబ్సన్ వాళ్ళు ఆయన కోసం లూసిల్ మోడల్ అసలు ఎఫ్ హోల్సే లేకుండా చేసినారు. మరి లోపల ఏమీ లేని గిటార్ సంగతి నువ్వే ఆలోచించు. గుడ్డతో లోపలి గాలి అదురు తగ్గుతాది, పైచెక్క అదురు అలాగే ఉంటాది. కొంత నయం, అంతే.

క్యాసినో 1961 నుంచి ఉన్న మోడల్, బీటిల్స్ లో పాల్, జాన్, జార్జ్ ముగ్గురూ వాయించినారు, గొప్ప గిటారే. కాని అది కూడా ఫుల్ హాలో, పైగా పి-90 పికప్పులు, అవి సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్నవి). మన పందిళ్ళలో సీరియల్ లైట్లు, జనరేటరు, ఎర్తింగు ఉందో లేదో తెలియని ప్లగ్గు, వీటి మధ్య సింగిల్ కాయిల్ పెడితే పాటకి పాటకి మధ్య గుయ్ మంటానే ఉంటాది. హంబకర్ అనే రెండు చుట్టల పికప్పు 1955లో సెత్ లవర్ కనిపెట్టిందే ఈ గుయ్ మనడం పోగొట్టడానికి. పందిరికి హంబకరే.

జయపురం వైరింగ్

రిపేర్లు చేసేవాడిగా రెండు ముక్కలు. ఏఎఫ్ లాంటి ఫుల్ హాలోకి బ్రిడ్జి మేకులతో బిగించి ఉండదు, తీగల బరువుకే నిలబడి ఉంటాది. ఆరు తీగలూ ఒకేసారి ఇప్పేస్తే బ్రిడ్జి ఊడి చేతికొస్తాది, మళ్ళీ ఎక్కడ పెట్టాలో తెలీక నా దగ్గరికి వస్తారు. తీగలు ఒకటి తీసి ఒకటి వేయాలి. ఇప్పేసే ముందు బ్రిడ్జి కాళ్ళ చుట్టూ సన్న టేపు అంటించుకో. తప్పిపోతే పన్నెండో ఫ్రెట్ దగ్గర హార్మోనిక్ కొట్టి, అక్కడే నొక్కి కొట్టి, రెండూ ఒకే స్వరం వచ్చేదాకా బ్రిడ్జిని వెంట్రుకవాసి జరుపుతూ ఉండాలి. మెలోడీ వాళ్ళు గిటార్ ని బొలేరోలో బాక్సుల మధ్య పడేస్తారు, దిగేటప్పటికి బ్రిడ్జి పక్కకి జరిగిపోయి ఉంటాది. ఏఎస్ కి ఆ బాధ లేదు, బాడీలోకి బిగించి ఉంటాది.

రెండోది, హాలో బాడీల్లో వైరింగంతా ఎఫ్ హోల్ లోంచే బయటికి తీయాలి, వెనక మూత ఉండదు. పాట్ (వాల్యూము, టోను తిప్పే భాగం) ఒకటి గరగరమన్నా, ముందు షాఫ్ట్ కి దారం కట్టి లోపలికి తోసి, ఎఫ్ హోల్ లోంచి లాగి, సోల్డర్ చేసి, మళ్ళీ ఆ దారంతోనే కన్నంలోకి రప్పించాలి. దారం జారిందంటే గంట పని. ఫుల్ హాలోలో లోపల చోటు ఉంటాది కాబట్టి కొంచెం తేలిక, సెంటర్ బ్లాక్ లో ఇరుకు. అందుకని సెకండ్ హ్యాండ్ కొంటే వాల్యూము, టోను అన్నీ తిప్పి, స్విచ్చు మూడు వైపులా వేసి చూసి కొనండి. ఈ మధ్య ఒక కుర్రాడు ఆన్‌లైన్లో వాడిన గిటార్ కొని తెచ్చినాడు, నెక్ అతుకు దగ్గర సన్న గీత, ఫొటోలో అది కనపడకుండా పెట్టినారు, తీగలు బిగిస్తే యాక్షన్ (మెడకి, తీగలకి మధ్య ఎత్తు) పైకి లేచిపోతోంది. మెడ అతుకు చేత్తో తడిమి చూడందే డబ్బు ఇవ్వకండి.

గునుపురం మాష్టారు

మంచి మాట. క్యాసినో విషయంలో నేను కూడా వద్దనే చెప్తాను, నలభై వేలకి ఇస్తానంటే అందులో ఏదో ఉంది, అదేమిటో తెలియకుండా తీసుకోకు.

కాని బాబూ, ఒక ప్రశ్న. ఏడాది మొత్తంలో నువ్వు ఎక్కువ ఎక్కడ వాయిస్తావు? ప్రతి ఆదివారం చర్చి, ప్రతి రాత్రి ఇల్లు. మెలోడీ సీజను కొన్నాళ్ళే. ఆ కొన్నాళ్ళ కోసం మిగతా రోజులన్నీ మనసుకి నచ్చని గిటార్ వాయించమంటే నేను ఒప్పుకోను. స్టేజికి ఎలాగూ నీ స్ట్రాట్ ఉంది కదా.

బరంపురం ఆరు తీగలు

మాష్టారు గారూ, ఆ లెక్క సరిగ్గానే ఉంది గాని డబ్బులు వచ్చేది మెలోడీ నుంచి. అప్పు చేసి నలభై వేలు పెట్టినవాడికి ఆ గిటార్ స్టేజి ఎక్కాలి. పైగా అతను పాత పాటలు వాయించేది చర్చిలో కాదు, స్టేజి మీదే. ఆ సౌండు అవసరమైన చోటే ఆ గిటార్ పనికి రాకపోతే ఎలాగ? ఏఎస్73 సెకండ్ హ్యాండ్, ఫ్లాట్లు 11-50, నా మాట ఇదే.

పర్లాకిమిడి కుర్రాడు

అప్పు చెయ్యలేదన్నా, దాచుకున్నవే. కాని మీరన్నది నిజం, పాత పాటలు అడిగేది స్టేజి మీదే. కొత్తది చూడాలంటే నాకు విశాఖే దగ్గర, కలకత్తా లాల్‌బజార్ లో ఎక్కువ రకాలు ఉంటాయంటారు గాని అక్కడికి పోతే ఖర్చు. అన్ని షాపుల్లోనూ రెండు రకాలూ పక్కపక్కన దొరకవు, దొరికినా స్టేజి వాల్యూము పెట్టనివ్వరు.

గునుపురం మాష్టారు

అయితే గునుపురం ప్యాసింజరెక్కి రా బాబూ. నా దగ్గరున్నది ఏఎఫ్75, ఫ్లాట్ తీగలే ఉన్నాయి. మా చర్చి హాల్లో ఆరాధన అయ్యాక ఖాళీయే, పాస్టరుగారితో నేను మాట్లాడతాను. నీ చేత్తో వాయించి చూసుకో.

రాయగడ సౌండ్

ఆ ఆదివారం నాకు ప్రోగ్రాం లేకపోతే నేనూ వస్తాను మాష్టారు గారూ. ఒక మానిటర్, బేస్ ఆంప్ బండిలో వేసుకొస్తాను, స్టేజి మీద ఎంత పెడతామో అంత పెడతాను. ఊళ రాకపోతే ఇక్కడికొచ్చి నేనే రాస్తాను. బరంపురం అన్నా, మీ ఏఎస్ కూడా పట్టుకొస్తే పక్కపక్కన పెట్టి విందాం.

బరంపురం ఆరు తీగలు

నాది ఏఎస్53, పర్వాలేదు కదా? దానికి ఫ్లాట్లు వేసే ఉన్నాయి. వచ్చే ఆదివారం వద్దు, మా ఇంట్లో పెళ్ళి ఉంది, ఆ తర్వాతది పెట్టండి.