పెరోవ్‌స్కైట్ ఫిల్మ్ పి-టైపా, ఎన్-టైపా? హాల్ గుర్తు నిలవడం లేదు

నాది మిథైల్ అమోనియం లెడ్ అయోడైడ్ (సౌర ఘటాల్లో వాడే పెరోవ్‌స్కైట్ అర్ధవాహకం) ఫిల్మ్. గాజు మీద స్పిన్ కోటింగ్ (ద్రావణం వేసి గిర్రున తిప్పి పరచడం), మందం సుమారు 400 నానోమీటర్లు, 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర 10 నిమిషాల ఎనీలింగ్ (వేడి మీద ఉంచడం), అంతా నైట్రోజన్ గ్లవ్‌బాక్సులోనే. నాలుగు మూలల్లో బంగారు కాంటాక్టులు.

చీకట్లో కరెంటు పెట్టగానే హాల్ వోల్టేజీ (అయస్కాంత క్షేత్రంలో కరెంటుకు అడ్డంగా పుట్టే వోల్టేజీ) గుర్తు పి-టైప్ (ధన ఆవేశపు హోల్స్ ఎక్కువ) అంటుంది. రెండు మూడు నిమిషాల్లో మెల్లగా జారి, సున్నా దాటి ఎన్-టైప్ (ఎలక్ట్రాన్లు ఎక్కువ) వైపు పోతుంది. కాసేపు వదిలేసి మళ్లీ పెడితే మొదటికొస్తుంది! అయస్కాంత క్షేత్రాన్ని తిప్పి సగటు తీశాను, కరెంటు తగ్గించాను, కాంటాక్టులు మార్చాను. లాభం లేదు.

లెడ్ అయోడైడ్ ఎక్కువైతే ఎన్-టైప్, మిథైల్ అమోనియం అయోడైడ్ ఎక్కువైతే పి-టైప్ వైపు మొగ్గుతుంది కదా, ఆ పాళ్లూ మార్చి చూశాను. రెండింట్లోనూ అదే జారుడు. అందుకే అయోడైడ్ అయాన్ల కదలిక మీదే నా అనుమానం. కెల్విన్ ప్రోబ్ (ఉపరితల పొటెన్షియల్ కొలిచే పరికరం) ఉంది గానీ, అది చెప్పేది పైపొర సంగతే.

అయాన్ల ప్రభావం కలవకుండా ఫిల్మ్ అసలు టైపు తేలాలంటే ఏసీ (దిశ మారుతూ ఉండే) అయస్కాంత క్షేత్రంతో హాల్ కొలవాలా, సీబెక్ కొలతకు (ఉష్ణోగ్రత తేడాతో పుట్టే వోల్టేజీ కొలవడం) మారాలా?