పోకర్‌లో గొంతు పెంచి బెదిరించేవాళ్లతో ఎలా ఆడాలి?

క్లాక్‌టవర్ కుర్రోడు, అనంతపురం:
అన్నలకు, అక్కలకు నమస్తే. ఆదివారం సాయంత్రాలు ఫ్రెండు ఇంట్లో కూర్చుని టెక్సాస్ హోల్డెమ్ ఆడతాం, అంటే చేతికి రెండు ముక్కలు, టేబుల్ మీద అందరికీ కలిపి ఐదు ముక్కలు పడే పోకర్. డబ్బుల్లేవు, ఉత్త ప్లాస్టిక్ చిప్సే, చివరికి ఓడినోళ్లు అందరికీ ఉగ్గాని బజ్జీ తినిపించాలి, అంతే. ఈమధ్య మా ఫ్రెండు వాళ్ల బావ చేరినాడు. వయసులో పెద్ద, మూడు ముక్కలాటలో ఆరితేరిన మనిషి. ముక్కలు సరిగ్గా చూడకముందే రైజ్ (పందెం పెంచుతా) అంటాడు. మనం ఆలోచిస్తుంటే చిప్స్‌ని టేబుల్ మీద టపటపా కొడుతూ కళ్లలోకే చూస్తాడు, "ఏమప్పా, దమ్ముంటే కాల్ చెయ్, లేదంటే పడేయ్" అని అరుస్తాడు (కాల్ అంటే ఆయన పెట్టినంత మనమూ పెట్టడం, పడేయడం అంటే ఆ ఆట వదిలేయడం). మొన్న నా చేతిలో ఆసు, రాణి. ఫ్లాప్‌లో, అంటే టేబుల్ మీద తెరిచే మొదటి మూడు ముక్కల్లో, రాణి, 8, 3 పడ్డాయి. ఫ్లాప్‌లో, టర్న్‌లో (నాలుగో ముక్క) ఆయన కొడితే (పందెం పెడితే) కాల్ చేశా. రివర్‌లో (చివరి ఐదో ముక్క) ఆల్ ఇన్, అంటే ఉన్న చిప్స్ అన్నీ పెడుతున్నా అంటూ లేచి నిలబడ్డాడు, నేను వదిలేశా. జాకీ, 9 తిప్పి చూపించాడు, ఒక్క జత కూడా లేదు! ఇట్లాంటి మనిషిని ఎట్లా ఎదుర్కోవాలి?

బురుజు పక్కింటోడు, కర్నూలు:
బ్రో, ముక్కలు ఎవరి గొంతునూ చూసి పడవు. చేతిలో జత పడేదే 17 సార్లలో ఒకసారి, రెండు ఆసులైతే 221లో ఒకసారి. ప్రతి ఆటలో రైజ్ అంటున్నాడంటే చాలాసార్లు ఉత్త చేతులతోనే అంటున్నాడని అర్థం. పాట్‌లో (మధ్యలో పోగైన చిప్స్) 600 ఉన్నప్పుడు ఆయన 300 పెట్టినాడనుకో, నువ్వు 300 పెడితే 900 గెలుస్తావు, అంటే నాలుగింట్లో ఒకసారి నీది గెలిచినా నష్టం లేదు. ఆయన పూర్తి పాట్ అంత కొట్టినా మూడింట్లో ఒకసారి చాలు. నీ ఆసు, రాణి ఆయన లాంటోడి మీద అంతకన్నా చాలా ఎక్కువసార్లు గెలుస్తాయి, కాబట్టి అక్కడ కాల్ చేయాల్సిందే. అదే మూడు గంటల్లో ఒక్కసారి రైజ్ చేసే మనిషి ఆల్ ఇన్ అంటే మాత్రం ఆ ముక్కలే వదిలేయొచ్చు. ఇంకోటి, మంచి ముక్కలు పడగానే నువ్వు రైజ్ చేసి ఆయన్ను తరమొద్దు, చెక్ (ఏమీ పెట్టకుండా వంతు దాటించడం) అని ఊరుకో, ఆయనే కొడతాడు. ఆయన మీద బ్లఫ్ (ఉత్త చేతులతో పందెం పెట్టి బెదిరించడం) మాత్రం వద్దే వద్దు, వదిలే రకం కాదు.

ఏడురోడ్ల అక్క, కడప:
తమ్ముడూ, ముందు ఎక్కడ కూర్చుంటున్నావో చూసుకో. ఆయనకు ఎడమ పక్కన కూర్చో. ఆట ఎడమకే తిరుగుతుంది కాబట్టి ఆయన ఏం చేసినాడో చూసినాకే నీ వంతు వస్తుంది. అరుపుల సంగతికొస్తే, ఆయన కళ్లలోకి చూడాల్సిన పని నీకేముంది? ఆయన ఎంత పెట్టినాడు, పాట్‌లో ఎంతుంది, అంతకుముందు ఏం కొట్టినాడు, ఈ మూడూ ప్రతిసారీ ఇదే వరుసలో మనసులో చూసుకో, ముక్కలు మంచివైనా చెత్తవైనా అంతే టైమ్ తీసుకో. గాబరాగా త్వరత్వరగా పడేస్తేనే ఆయనకు అలుసు.

క్లాక్‌టవర్ కుర్రోడు, అనంతపురం:
లెక్క అర్థమైందన్నా, సీటు కూడా మారుస్తా. కానీ అక్కా, పెద్దాయన కదా, అరవొద్దని నేనెట్లా చెప్పేది?

పాత పేక, కర్నూలు:
నువ్వు చెప్పొద్దు, ఇల్లు ఎవరిదో వాళ్లు చెప్పాలి. ఎక్కువసార్లు రైజ్ చేయడం ఆయన హక్కు, దాని మీద ఎవరూ ఫిర్యాదు చేయకూడదు. ఆలోచిస్తున్న మనిషి మీద అరవడం, పడేయమని ఒత్తిడి పెట్టడం మాత్రం ఆట కాదు. క్యాసినోలో అయితే డీలరు పెద్ద మేనేజరును పిలుస్తాడు, మాట వినకపోతే కాసేపు బయట కూర్చోబెడతారు. మీ ఫ్రెండును ముక్కలు పంచకముందే అందరికీ కలిపి చెప్పమను: వంతు వచ్చినోళ్లకు ఒక నిమిషం, అప్పటిదాకా ఎవరూ మాట్లాడకూడదు అని. పేరు పెట్టి చెప్పకపోతే బావగారికీ చిన్నతనం ఉండదు. డబ్బు పెట్టకుండా ఆడుతున్నారు, ఈ విషయంలో మాత్రం ఎవరు రెచ్చగొట్టినా మారొద్దు. మన ఆంధ్రప్రదేశ్‌లో డబ్బు పెట్టి ఆడే జూదాన్ని ఆపే 1974 గేమింగ్ చట్టం ఉంది, 2020లో సవరించి ఆన్‌లైన్ పందేలను కూడా అందులోకి తెచ్చారు. ఆయన "ఉత్త చిప్స్‌తో ఏం మజా, వందలు పెడదాం" అన్న రోజు లేచి వచ్చేయ్.