యాంటీబయాటిక్ కోర్సు అయ్యాక ప్రోబయాటిక్ మాత్రలు వేసుకోవాలా, వద్దా?

తోకచుక్క:
పంటి ఇన్ఫెక్షన్‌కి వారం రోజులు యాంటీబయాటిక్ వాడాను. నొప్పి పోయింది గానీ కడుపు ఉబ్బరంగా ఉంటోంది. మంచి బ్యాక్టీరియా పోయింది, నెల రోజులు ప్రోబయాటిక్ (మేలుచేసే సూక్ష్మజీవులుండే మందు) వేసుకో అని ఇంట్లో ఒకటే పోరు. నిజంగా అవసరమా?

పాలపిట్ట:
వేసుకోండి. ఒంట్లో మన కణాలకు పది రెట్లు బ్యాక్టీరియా ఉంటుంది. మందు దాన్ని ఊడ్చేశాక మళ్లీ నాట్లు వేయక్కర్లేదా?

రాత్రిడ్యూటీ:
పది రెట్ల లెక్క పాతబడింది పాలపిట్ట గారూ. 2016లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త రాన్ మైలో బృందం మళ్లీ లెక్కేస్తే బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు, మన కణాలు 30 లక్షల కోట్లు అని తేలింది. మొత్తం బ్యాక్టీరియా బరువు పావు కిలో కూడా ఉండదు.

నాట్ల దగ్గరే అసలు చిక్కు. 2018లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ వాళ్లు 21 మంది ఆరోగ్యవంతులకు యాంటీబయాటిక్స్ ఇచ్చి, పేగుల్లోంచి నేరుగా నమూనాలు తీసి చూశారు. ఏమీ వేసుకోనివాళ్లలో పాత బ్యాక్టీరియా చాలావరకు మూడు వారాల్లో తిరిగొచ్చింది. మందుకు ముందే దాచిన సొంత మలాన్ని మళ్లీ పేగులోకి ఎక్కించినవాళ్లకు (ముక్కు మూసుకోకండి) కొద్దిరోజులే పట్టింది. ప్రోబయాటిక్ వేసుకున్నవాళ్లలో నెలల తరబడి ఆలస్యమైంది. కొత్తగా వచ్చినవి తిష్ఠ వేసి పాతవాటిని రానివ్వలేదన్నమాట.

పాలపిట్ట:
21 మందితో తేల్చేస్తారా? మా అబ్బాయికి యాంటీబయాటిక్ మొదలెట్టిన మూడో రోజే విరేచనాలు పట్టుకున్నాయి. డాక్టర్ రాసిన పొడి నీళ్లలో కలిపి పట్టిస్తే రెండు రోజుల్లో తగ్గాయి.

రాత్రిడ్యూటీ:
చిన్న పరీక్షే, ఒప్పుకుంటా. వాడింది కూడా 11 రకాలు కలిపిన ఒక్క మందే. కానీ మీ అబ్బాయి సంగతి వేరు. కోర్సు నడుస్తుండగా విరేచనాలు రాకుండా కొన్ని ప్రోబయాటిక్స్ పనిచేస్తాయని చాలా పరీక్షల్లో తేలింది. అలాంటి కొన్ని పొడుల్లో ఉండేది శాకరోమైసిస్ బౌలార్డీ. అది బ్యాక్టీరియా కాదు, ఈస్ట్. యాంటీబయాటిక్‌కి చావదు. తోకచుక్క గారి కోర్సు అయిపోయింది, ఉన్నది ఉబ్బరమే. నేనైతే ఆగి చూస్తా.

వేపకొమ్మ:
ఒక్క మాట. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లు, పెద్ద రక్తనాళంలో ట్యూబ్ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా వీటి జోలికి పోవద్దు. ఆ ఈస్టే రక్తంలోకి చేరిన కేసులున్నాయి. కోర్సు అయ్యాక కూడా జ్వరంతో నీళ్ల విరేచనాలు పట్టుకుంటే సి. డిఫిసిల్ (యాంటీబయాటిక్ వాడాక పేగుల్లో పెరిగి విరేచనాలు తెచ్చే బ్యాక్టీరియా) ఏమో చూపించుకోవాలి, మాత్రలతో కాలయాపన వద్దు.

తోకచుక్క:
జ్వరం లేదు, విరేచనాలూ లేవు. మూడు వారాలు చూస్తాను.

పాలపిట్ట:
సరే, పది రెట్లు వెనక్కి తీసుకున్నా. ఆ పొడి సంగతి మాత్రం తీసుకోను.