ఐఐటీలో సీటు వచ్చింది, ఇప్పుడు వెళ్లనంటోంది: ఏం చేయాలి?

కర్నూలు అమ్మ
మా అమ్మాయికి ఐఐటీ మద్రాసులో సివిల్ ఇంజనీరింగ్ సీటు వచ్చింది. వచ్చే నెల చేరాలి. ఫలితాలు వచ్చిన వారమంతా ఇంట్లో పండగే. కొత్త విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో చేరినప్పటి నుంచి దిగులు మొదలైంది. అందులో ఒకరు ఒలింపియాడ్ పతకం గురించి రాస్తారు, ఇంకొకరు ఎనిమిదో తరగతి నుంచే పైథాన్ వచ్చంటారు. మా పిల్ల అన్నీ చదువుతుంది, ఒక్క మాట రాయదు. "నాకు ఎలాగో వచ్చిందమ్మా సీటు, అక్కడికి వెళితే నా బండారం బయటపడుతుంది" అంటోంది. దీనికి తోడు మా ఆయన వాళ్ల చిన్నాయన భోజనాల దగ్గర "ఆడపిల్లలకు సీట్లు పెంచారు కదా, అందుకే వచ్చిందిలే" అన్నాడు. ఆయన ఆ మాట అప్పుడే మరిచిపోయాడు. పిల్ల మరచిపోలేదు. జగన్నాథగట్టు మీద ట్రిపుల్ ఐటీ ఉంది కదా, అక్కడ చేరి ఉంటే ఇంటికి దగ్గరగా ఉండేదాన్ని అంటోంది. ఇలాంటి పిల్లలను దారికి తెచ్చుకున్నవాళ్లు ఏం చేశారో చెప్పండి. హాస్టల్, ఖర్చుల సంగతి కూడా తెలిస్తే రాయండి.

గుత్తి కోట
అమ్మా, ముందు ఆ గ్రూపు మోత ఆపించండి. మా వాడు ఖరగ్‌పూర్‌లో చేరకముందు ఇలాగే అర్ధరాత్రి దాకా ఆ సందేశాలు చదివేవాడు. తీరా వెళ్లాక చూస్తే, గ్రూపులో అందరికన్నా ఎక్కువ గొప్పలు రాసినవాడు మొదటి సెమిస్టర్ లెక్కల్లోనే తప్పాడు. రాసేవాళ్లు పదిమంది ఉంటారు, చదివి ఊరుకునేవాళ్లు వందలమంది. ఆ ఊరుకున్నవాళ్లందరూ మీ అమ్మాయిలాగే బెదురుతున్నారని ఆమెకు తెలియదు.
అది సరే, సివిల్ ఎందుకు తీసుకున్నారు? ఆ ర్యాంకుకు మరోచోట కంప్యూటర్ సైన్స్ వచ్చేది కదా. వరంగల్ ఎన్‌ఐటీ చూశారా?

ఫిజిక్స్ సార్, కడప
నేను చాలా ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాను. నా దగ్గర చదివినవాళ్లు లేని ఐఐటీ లేదంటే అతిశయోక్తి కాదు. కాబట్టి నా మాట వినండి. ధైర్యం బుజ్జగింపులతో రాదు, ముందుగా చదువుకుంటే వస్తుంది. ఈ నెలలోనే మొదటి సెమిస్టర్ లెక్కలు, ఫిజిక్స్ పూర్తి చేయించండి. రోజుకు ఎనిమిది గంటలు కూర్చుంటే చాలు. ఇక ఆ పెద్దాయన మాట కటువుగా ఉన్నా అందులో అబద్ధం లేదు. ఆడపిల్లలకు విడిగా సీట్లు పెట్టాక మగపిల్లలకు తగ్గాయి. ఉన్నమాటంటే ఉలుకెందుకు?

తుంగ ఒడ్డు పిల్ల
ఉలుకు కాదు సార్, కోపం. నాది కర్నూలే, ఐఐటీ మద్రాసులో మూడో సంవత్సరం చదువుతున్నాను. నేను చేరినప్పుడు కూడా మా వీధిలో ఇదే మాట అన్నారు. 2018లో ఆడపిల్లలకు పెట్టినవి అదనపు సీట్లు. అప్పటిదాకా ఉన్న సీట్లలో ఒక్కటి కూడా కోయలేదు, ఉన్నవాటి మీద కలిపారు. మొదటి ఏడాది 14 శాతం లక్ష్యం, తర్వాత 17, 2020కి 20. అంతకుముందు తరగతి గదిలో అమ్మాయిలు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉండేవారు కాబట్టి అలా చేశారు. మగపిల్లలకు తగ్గిన సీటు ఎక్కడుందో చూపించండి.
ఆంటీ, రోజుకు ఎనిమిది గంటలు చదివించకండి, దయచేసి. రెండేళ్లు అదే పని చేసి అలసిపోయిన పిల్ల. ఈ నెల నిద్రపోనివ్వండి.

ఫిజిక్స్ సార్, కడప
తగ్గలేదనే అనుకుందాం. మరి కటాఫ్ సంగతి? ఆడపిల్లల సీట్లకు చివరి ర్యాంకు వెనక్కి ఉంటుందా లేదా? ఐఐటీ సీట్లు కేటాయించే జోసా వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. నేను ప్రతి ఏడాది కౌన్సెలింగ్‌లో పిల్లల పక్కన కూర్చుంటాను, నాకు ఎవరూ నేర్పనక్కరలేదు.

గుత్తి కోట
వరంగల్ గురించి ఎవరూ చెప్పలేదు.

లెక్కల టీచర్, అనంతపురం
ఫిజిక్స్ సార్‌కు నమస్కారం. చివరి ర్యాంకు వెనక్కి ఉండే మాట నిజమే, దాన్ని దాచడం ఎందుకు? కానీ ఆ ర్యాంకు వచ్చిన జాబితా అందరికీ ఒక్కటే. ప్రశ్నపత్రం ఒక్కటే, అర్హత మార్కులలో అమ్మాయి అని ఒక్క మార్కు తగ్గించరు. 2024లో జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అర్హత సాధించినవాళ్లు 48,248 మంది. అందులో అమ్మాయిలు 7,964. ఆ పరీక్ష రాయడానికే దానికి ముందు జరిగే జేఈఈ మెయిన్ నుంచి దాదాపు రెండున్నర లక్షలమందిని మాత్రమే తీసుకుంటారు. ఇంత వడపోత తర్వాత నిలిచిన పిల్లను పట్టుకుని "ఎలాగో వచ్చిందిలే" అంటే, అన్నవాళ్లకు లెక్కలు రావని అర్థం.
అమ్మా, "నువ్వు చాలా తెలివైనదానివి" అని ఊరికే పొగడకండి. నా అనుభవంలో ఆ పొగడ్తతో భయం ఇంకా పెరుగుతుంది. ఆ తెలివి నిలబెట్టుకోవాల్సిన బరువు కూడా నెత్తిన పడుతుంది. ఈ అంకెలు కాగితం మీద రాసి ఆమె ముందు పెట్టండి. లెక్కలు చదివిన పిల్ల, అంకెలు నమ్ముతుంది.

ఫిజిక్స్ సార్, కడప
లెక్కలు రావని ఎవరిని అంటున్నారు?

లెక్కల టీచర్, అనంతపురం
ఆ చిన్నాయనను.

కొడిగేనహళ్లి పాత విద్యార్థి
మీరందరూ సీట్ల లెక్కలో పడి అసలు విషయం వదిలేశారు. అసలు భయం ఇంగ్లీషు. నేను కొడిగేనహళ్లి గురుకులంలో చదివాను. 1972లో పెట్టిన బడి, మన అనంతపురం జిల్లా గర్వించాల్సిన బడి. ఎంపిక పరీక్ష పెట్టి పల్లెపిల్లలను ఏరి తెచ్చేవారు. ఇంటర్ దాకా తెలుగులో ఆలోచించి, ఇంజనీరింగ్‌లో ఒక్కసారిగా ఇంగ్లీషు వినేసరికి మొదటి నెల పలకలేదు నేను. ప్రొఫెసర్ పేరు పిలిస్తే నిలబడేవాణ్ని, అంతే. తర్వాత ఒకరోజు బోర్డు మీద లెక్క తప్పు పడితే లేచి వెళ్లి దిద్దాను. నోరు తెరవకుండానే దిద్దాను. ఆ రోజు నుంచి నన్ను ఎవరూ తక్కువగా చూడలేదు. ఈ కాలం పిల్లలకు అన్నీ సుకుమారం ఎక్కువైంది.

హిందూపురం
కొడిగేనహళ్లి ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది అన్నా, 2022 నుంచి.

కొడిగేనహళ్లి పాత విద్యార్థి
నేను చదివినప్పుడు అనంతపురమే. జిల్లా మారితే నా జ్ఞాపకం మారుతుందా?

హిందూపురం
గర్వించే హక్కు ఎవరిదో తేలాలి కదా అని చెప్పాను.

తుంగ ఒడ్డు పిల్ల
సుకుమారం కాదు సార్. నెల రోజులు పలకకుండా కూర్చోవడం మీకు గర్వంగా అనిపించవచ్చు. ఆ నెలలోనే ఇంటికి తిరిగి వెళ్లిపోయినవాళ్లు ఇక్కడ కనిపించి రాయరు కదా. ఇంగ్లీషుకు భయపడనక్కరలేదు, ఇక్కడ తమిళం, హిందీ, తెలుగు యాసలన్నీ కలిసిన ఇంగ్లీషే నడుస్తుంది. ప్రొఫెసర్లలో కూడా.

ఇడుపులపాయ తండ్రి
మా అబ్బాయి పదో తరగతి కాగానే ఆర్కే వ్యాలీ ట్రిపుల్ ఐటీలో చేరాడు. ఆరేళ్ల చదువు. పదిహేనేళ్ల పిల్లవాణ్ని హాస్టల్‌లో వదిలి వేంపల్లి దాటేదాకా నేనూ వాళ్లమ్మా ఒక్క మాట మాట్లాడుకోలేదు. మీ అమ్మాయికి కనీసం పద్దెనిమిదేళ్లు ఉన్నాయి. మా వాడు మొదటి పండగ సెలవుకు వచ్చి బట్టలు సర్దుకుని "ఇక పోను" అన్నాడు. నేను బతిమాలలేదు, తిట్టలేదు. "ఆదివారం దాకా ఉండు, సోమవారం ఉదయం కూడా ఇదే అనిపిస్తే పోవద్దులే" అన్నాను. సోమవారం వాడే బస్సెక్కాడు. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం. వెళ్లకపోయినా తలుపు తెరిచే ఉంటుందని పిల్లలకు తెలిస్తే వెళ్లగలుగుతారని నాకనిపించింది.

గుత్తి కోట
బెంగళూరులో ఏ కంపెనీ? జీతం ఎంత వస్తోంది?

ఆత్మకూరు రోడ్డు
దీన్ని ఇంపోస్టర్ జబ్బు అంటారు. వెంటనే డాక్టర్‌కు చూపించండి, ఆలస్యం చేయవద్దు. మా బంధువుల అమ్మాయికి ఇలాగే మొదలై చదువే మానేసింది.

మనస్తత్వ శాస్త్రం చదివినదాన్ని
జబ్బు కాదు. దయచేసి ఆ తల్లిని ఇంకా బెదిరించకండి. 1978లో పౌలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు అమెరికా మనస్తత్వవేత్తలు దీని గురించి మొదట రాశారు. వాళ్లు మాట్లాడింది నూట యాభైకి పైగా స్త్రీలతో. డాక్టరేట్లు ఉన్నవాళ్లు, తమ రంగంలో పేరున్నవాళ్లు, చదువులో ముందున్న విద్యార్థినులు. అందరూ "మేం నిజంగా తెలివైనవాళ్లం కాదు, ఎదుటివాళ్లు పొరబడ్డారు" అని నమ్ముతున్నారు. మార్కులు బాగా వస్తే అదృష్టం అనుకుంటారు, లేదా అవసరానికి మించి కష్టపడ్డాం కాబట్టి వచ్చాయి అనుకుంటారు. అలా ప్రతి గెలుపూ పక్కకు పోతుంది. వాళ్లకు పనికొచ్చింది ఏమిటంటే, ఒకే గదిలో కూర్చుని ఒకరి మాట ఒకరు వినడం. ఎదుటి ఆమె తనను తాను తక్కువ చేసుకుంటుంటే అది ఎంత అర్థం లేనిదో మనకు వెంటనే కనిపిస్తుంది, మన విషయంలో కనిపించదు.
కాబట్టి ఆ గ్రూపు మూయించడం కన్నా, అందులో ఇలాగే భయపడుతున్న మరొక్క అమ్మాయిని వెతికి విడిగా మాట్లాడమనండి. అయితే ఒక మాట. తిండి, నిద్ర మానేసి, రోజుల తరబడి గదిలోంచి బయటికి రాకుండా ఉంటే మాత్రం అది వేరే సంగతి. 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్ అంటారు, ప్రభుత్వానిదే, డబ్బు అడగరు, తెలుగులో మాట్లాడతారు.

ఆత్మకూరు రోడ్డు
నేను మంచి కోరే చెప్పాను.

నంద్యాల చెక్‌పోస్ట్
అందరూ మనసు గురించే రాస్తున్నారు. ఆమె ఖర్చులు కూడా అడిగింది. ఐఐటీ అంటే మామూలు మనుషుల వల్ల కాదని విన్నాను. మా తమ్ముడి కొడుకు వచ్చే ఏడాది రాయబోతున్నాడు, తలచుకుంటేనే గుండె ఆగుతోంది.

లెక్కల టీచర్, అనంతపురం
ట్యూషన్ ఫీజు ఏడాదికి రెండు లక్షలు, 2016 నుంచి. కుటుంబ వార్షికాదాయం లక్షలోపు ఉంటే మొత్తం మాఫీ, లక్ష నుంచి ఐదు లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు లేదు. హాస్టల్, మెస్ ఖర్చు వేరే కట్టాలి. ఆదాయ ధ్రువపత్రం తహశీల్దారు కార్యాలయం నుంచి ముందే తీసుకోండి, చివరి వారంలో పరుగెత్తకండి.

ఫిజిక్స్ సార్, కడప
ఆదాయ పత్రాలలో ఎన్ని అబద్ధాలు నడుస్తాయో నేను రాస్తే ఈ చర్చ ఇక్కడితో ఆగదు.

తుంగ ఒడ్డు పిల్ల
రాయకండి సార్.
ఆంటీ, హాస్టల్ సంగతి అడిగారు కదా. ఇక్కడ హాస్టళ్లకు నదుల పేర్లు. కావేరి ఉంది, గోదావరి ఉంది, తుంగ ఉంది, భద్ర కూడా ఉంది. మన ఊరి నదిని రెండు ముక్కలు చేసి ఇక్కడ పెట్టారని మా నాన్న నవ్వాడు. క్యాంపస్ గిండీ అడవిని ఆనుకుని ఉంటుంది, తరగతికి వెళుతుంటే జింకలు అడ్డం వస్తాయి. కోతులతో మాత్రం జాగ్రత్త, చేతిలోది లాక్కుంటాయి. మెస్‌లో ఉత్తరాది భోజనం, దక్షిణాది భోజనం ఏది కావాలో ఎంచుకోవచ్చు. ఉగ్గాని దొరకదు. చెనిక్కాయల పొడి డబ్బా నిండా పెట్టి పంపండి, మొదటి వారంలో దాని వల్లే స్నేహాలు కుదురుతాయి.
మార్కుల గురించి ముందే చెప్పి పంపండి. ఎస్ అంటే పది పాయింట్లు, ఏ అంటే తొమ్మిది, అలా దిగుతూ ఇ అంటే నాలుగు. నూటికి ఇన్ని వస్తే ఇంత అని ముందే గీత గీసి ఉండదు, తరగతి మొత్తం ఎలా రాసిందో చూసి ఇస్తారు. నాకు మొదటి పరీక్షలో నలభైలోపు వచ్చాయి. ఇంటర్‌లో ఎప్పుడూ చూడని అంకె. బాత్రూంలో ఏడ్చాను. తీరా చూస్తే తరగతి సగటు కూడా ఆ చుట్టుపక్కలే ఉంది, చివరికి బి వచ్చింది. ఇది తెలియక మొదటి పరీక్ష కాగితం చూసి ఇంటికి ఫోన్ చేసి ఏడ్చేవాళ్లు చాలామంది. అప్పుడు మీరు ఇంట్లో ఏమంటారన్నది ఇప్పుడే ఆలోచించి పెట్టుకోండి. హాజరు మాత్రం 85 శాతం ఉండాలి, తగ్గితే పరీక్ష రాయనివ్వరు.

కొడిగేనహళ్లి పాత విద్యార్థి
పొడి మొదటి వారానికే అయిపోతుంది. నిమ్మకాయ ఊరగాయ పంపండి, ఏడాది ఉంటుంది.

ఇడుపులపాయ తండ్రి
ఊరగాయ సూట్‌కేసులో కారితే ఆ వాసన డిగ్రీ అయ్యేదాకా పోదు. పొడే మేలు.

కర్నూలు అమ్మ
అందరికీ నమస్కారం. ఇదంతా మా అమ్మాయికి చూపించాను. ముందు "నా గురించి అందరికీ చెప్పేశావా" అని గొడవ పెట్టుకుంది. తర్వాత ఫోన్ లాక్కుని తనే చదివింది. చిన్నాయన గురించి టీచర్ గారు అన్నమాట దగ్గర నవ్వింది. ఈ మధ్య నవ్వడం చూడలేదు నేను. గ్రూపులో ఒంగోలు అమ్మాయి ఒకరు ఉన్నారట, ఆమె కూడా ఏమీ రాయదట, రాత్రి ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. వెళతానని మాత్రం ఇంకా అనలేదు. నేనూ అడగలేదు.
గుత్తి సార్, సివిల్ తనే కోరుకుంది. చిన్నప్పుడు వాళ్ల నాన్న సుంకేసుల ఆనకట్ట చూపించినప్పటి నుంచి అదే అంటోంది. వరంగల్ చూడలేదు.
తుంగ ఒడ్డు అమ్మాయిని ఒక్కటి అడగమంటోంది. ప్రోగ్రామింగ్ అసలు రానివాళ్లకు సున్నా నుంచి చెబుతారా, వచ్చినవాళ్లను చూసి పరుగెత్తిస్తారా? ఇంకొకటి నేను అడుగుతున్నాను. సైకిల్ ఇక్కడి నుంచే రైల్లో వేయించాలా?

గుత్తి కోట
ఆనకట్ట అంటే సరే. ఇక నేనేమీ అనను.

తుంగ ఒడ్డు పిల్ల
సున్నా నుంచే చెబుతారు చెల్లీ. నేను చేరినప్పుడు నాకు కంప్యూటర్‌లో ఫైలు ఎక్కడ దాచాలో కూడా సరిగా తెలియదు. మొదటి మూడు వారాలు ముందే వచ్చినవాళ్లు దూసుకుపోతారు, వాళ్లను చూడకు. ల్యాబ్‌లో అర్థం కాకపోతే వెంటనే అడుగు, పక్కవాళ్లది చూసి రాయకు, అది పట్టుకుంటారు. రాగానే నాకు సందేశం పెట్టు.
సైకిల్ రైల్లో వేయకండి ఆంటీ, ఇక్కడే పాతవి అమ్ముతారు. తాళం మాత్రం గట్టిది కొనండి.

ఫిజిక్స్ సార్, కడప
పాత సైకిల్ కొనేముందు బ్రేకులు చూడమనండి. కాచిగూడ నుంచి వచ్చే రైలు కర్నూలు, డోన్, గుత్తి, కడప మీదుగానే చెన్నైకి పోతుంది. మీరు ఆ రైల్లో వస్తుంటే ముందు చెప్పండి. మొదటి సెమిస్టర్ నోట్సు నా దగ్గర కట్ట ఉంది, కడప స్టేషన్‌లో ఇస్తాను. చదవమని కాదు, ఉంచుకోమని.