"తిత్తి వట్టి, సమ్మెట కూడు": వట్టియా, వెట్టియా?

మూసీ ఒడ్డు: మా తాత నకిరేకల్ దగ్గరి పల్లెలో చిన్నప్పుడే కొలిమి పనికి కుదిరాడు. ఆ రోజుల్లో పని నేర్చుకోవడం ఎట్లుండేదని అడిగితే ఎప్పుడూ ఒకటే మాట: "తిత్తి వట్టి, సమ్మెట కూడు, పట్కారు పైస." చివరి రెండూ సరే. సమ్మెట ఎత్తే వయసొస్తే గురువింట్లో తిండి, పటకారు చేతికొస్తే నాలుగు పైసలు. తిత్తి అంటే కొలిమికి గాలి ఊదే తోలుసంచి, అదీ తెలుసు. రాత్రి నుంచి ఆ మొదటి ముక్కే సతాయిస్తోంది. ఏ వట్టి అది?

పాలమూరు పంతులు: పట్టి. మన నోట్లో ప కాస్తా వ అవుతుంది. చెయ్యి వట్టుకున్నడు, కాళ్లు వట్టిండు. ఇందులో పెద్ద చర్చేముంది?

అరసున్న: పంతులుగారూ, కూడు, పైస రెండూ చేతికి ముట్టేవి. వాటి పక్కన 'పట్టి' ఎట్లా కూర్చుంటుంది? తిత్తి ఊదినన్నాళ్లు ఏమీ ముట్టదు, వట్టిది అని అర్థం.

పాలమూరు పంతులు: ఆ అర్థానికి మన దిక్కు 'ఉత్త' అంటాం.

కొల్లాపూర్ కోడలు: "వట్టిగనే వచ్చిన" అనని ఇల్లు ఒక్కటి చూపించండి సార్.

బండి ఱ: అందరూ హల్లు పట్టుకుని వేలాడుతున్నారు, తేడా అచ్చులో ఉంది. అది వెట్టి. సంస్కృతం విష్టికి వికృతి. నల్లగొండ కొలిమి గురించి మాట్లాడుతూ ఈ మాట ఒక్కరికీ తట్టలేదా? కమ్మరి, వడ్ల వాళ్లు దొరల సేద్యానికి పనిముట్లు పైసా లేకుండా చేసిపెట్టిన నేల ఇది. 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణం పోయిన పోరాటం వెట్టి మీద కూడా కదా.

అరసున్న: అది దొరకు చేసిన వెట్టి. గురువు దగ్గర నేర్చుకునే పిల్లవాడు చేసేది వెట్టి ఎట్లవుతుంది?

బండి ఱ: దొర గడీకి నాగటి కర్రులు కాగేటప్పుడు తిత్తి ఊదింది ఎవరు? ఆ పిల్లవాడే. గురువుకే రాని కూలి వాడికెక్కడిది?

కక్కు కొడవలి: మనకు మాటే ఒప్పందం, అందుకే ఈ గొడవ. ఇంగ్లండులో ఇదంతా రాసుకునేవాళ్లు. 1563 చట్టం ప్రకారం కనీసం ఏడేండ్లు. ఆ ఏడేండ్లు పెండ్లి చేసుకోవద్దు, పాచికలాడొద్దు, సారాయి దుకాణం తొక్కొద్దు. ఒకే కాగితం మీద ఒప్పందం రెండుసార్లు రాసి, నడుమ పళ్లుపళ్లుగా కోసి చెరో ముక్క ఇచ్చేవాళ్లు. తగాదా వస్తే పళ్లు కలిపి చూడటమే. మన మాటలో, కొడవలికి పళ్లు పెట్టినట్టు, కక్కు పెట్టిన కాగితం అన్నమాట. 1814లో గానీ ఆ ఏడేండ్ల నిబంధన పోలేదు.

కొల్లాపూర్ కోడలు: పెండ్లి వద్దన్నది ఒక్కటే నచ్చింది నాకు.

పాలమూరు పంతులు: తిత్తిని వట్టి పని అన్నవాళ్లు ఒక్కసారి కొలిమి ముందు కూర్చోవాలి. రెండు ముక్కలు అతకాలంటే ఇనుము ఎర్రగా కాగితే చాలదు. తెల్లబడి, నిప్పుపూలు రాలాలి. అప్పుడు ఇసుక చల్లి, దాగలి ఇనుపదిమ్మ మీద పెట్టి, గురువు సుత్తెతో తట్టిన చోటే సమ్మెట పడాలి. గాలి ఒక్క క్షణం ఎక్కువైతే ఇనుము మాడుతుంది, తక్కువైతే అతుకు పడదు, మళ్లీ కాచాల్సిందే. వేమన ఊరికే అన్నాడా "ఇరుమారు ముమ్మారు కాచి యతుకవచ్చు" అని!

బండి ఱ: ఇనుమాఱు.

పాలమూరు పంతులు: మేం బడిలో ఇరుమారు అనే చదివాం.

బండి ఱ: బడి తప్పు. ఇనుమడి అంటారా, ఇరుమడి అంటారా? "ఇనుము విరిగెనేని యినుమాఱు", ఇనుము వెంటనే మళ్లీ ఇను. ఆ చమత్కారం పోగొడితే పద్యంలో మిగిలేది బొగ్గే.

అరసున్న: ఛందస్సు సాయపడదు. రెండు పాఠాలకూ సలమనే గణమే పడుతుంది, యతీ కుదురుతుంది. ఎవరో జనానికి సులువని ను తీసి రు పెట్టి ఉంటారు.

పాలమూరు పంతులు: లేదా మీలాంటివారెవరో చమత్కారం కోసం రు తీసి ను పెట్టి ఉండొచ్చు.

మూసీ ఒడ్డు: ఇప్పుడే మేనమామకు ఫోన్ చేశాను. వట్టియా, వెట్టియా అని అడిగితే చాలాసేపు నవ్వాడు. "ఆ మాట చెప్పేనాటికి మీ తాతకు ముందు పండ్లు ఒక్కటి లేవు. నీకేం వినవడ్డదో అదే" అన్నాడు. ఇంకోటి కూడా చెప్పాడు. తాత తిత్తి ఊదిన కాలంలో పండక్కి ఒక దోతి ముట్టేదట. మరి వట్టి ఎట్లయితది?

అరసున్న: దోతి అంటే అడ్డపంచెనా, ధోవతినా? కొలత చెప్పాడా?

బండి ఱ: దోతి తర్వాత. మాఱులో ఉన్నది బండి ఱ అని ముందు పంతులుగారిని ఒప్పుకోమనండి.