స్పోర్ట్స్ కారుకి ఏ ఎయిర్ ఇంటేక్ తీసుకోవాలి, అసలు మార్చాలా వద్దా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నా దగ్గర టయోటా 86 ఉంది, మాన్యువల్ గేర్లు, ఇంజన్‌కి ఇంతవరకు ఏ మార్పూ చేయించలేదు. ఎయిర్ ఇంటేక్ (ఇంజన్‌కి గాలి అందించే ఫిల్టర్, పైపు) మారుద్దామని రెండు నెలలుగా వెతుకుతున్నాను, చదివేకొద్దీ అయోమయం పెరుగుతోంది. ఒకరు ఇంజన్ వేడికి దూరంగా చల్లగాలి పీల్చే కోల్డ్ ఎయిర్ ఇంటేకే తీసుకోమంటారు, ఒకరు బానెట్ కిందే ఉండే పొట్టి పైపు, అదే షార్ట్ రామ్ చాలంటారు, ఇంకొకరు కంపెనీ డబ్బా అలాగే ఉంచి లోపలి ఫిల్టర్ ఒక్కటి మార్చమంటారు. అమ్మేవాళ్లేమో 15 హార్స్‌పవర్ పెరుగుతుందని రాస్తున్నారు. నాకు కావాల్సినవి రెండే: పై ఆర్‌పీఎంలో ఇంకాస్త ఊపు, వినడానికి మంచి శబ్దం. రోజూ ఆఫీసుకి ఇదే కారు, అప్పుడప్పుడు ట్రాక్ మీదికి తీసుకెళ్తాను. ట్యూన్ (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్పించడం) చేయించే ఆలోచన ఇప్పట్లో లేదు. 4,000 ఆర్‌పీఎం దగ్గర బండి కాస్త నీరసించినట్టు ఉంటుంది, ఇంటేక్ మారిస్తే అది పోతుందా?

మొదటి జవాబు:
మీ ఆఖరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే దానికోసమే కొంటుంటే మాత్రం డబ్బు దండగ. పోదు. 86లో 3,500 నుంచి 4,500 ఆర్‌పీఎం మధ్య టార్క్, అంటే లాగే బలం, పడిపోవడం ఆ కారు నడిపేవాళ్లందరికీ తెలిసిందే, మీ బండిలో లోపమేమీ లేదు. దాన్ని పూడ్చుకున్నవాళ్లు ఎగ్జాస్ట్ హెడర్ (ఇంజన్ నుంచి పొగ బయటికి తెచ్చే మొదటి గొట్టాలు) మార్చి, దానికి తగ్గట్టు ట్యూన్ కూడా చేయించుకున్నారు.

పై ఆర్‌పీఎం సంగతికొస్తే, కొనేముందు కొలవండి. కారు కంప్యూటర్‌లోని అంకెలు చూపించే చిన్న ఓబీడీ స్కానర్ ఉంటే చాలు. ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి, మ్యానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజన్‌లోకి వెళ్లే దారిలో గాలి పీడనం) ఎంత చూపిస్తోందో రాసుకోండి, అది బయటి గాలి పీడనం. తర్వాత ట్రాక్ మీదికి వెళ్లినప్పుడు, రోడ్డు మీద వద్దు, మూడో గేర్లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి 7,000 దాకా లాగించి అప్పటి రీడింగ్ రికార్డ్ చేయండి. ఈ రెండింటి మధ్య తేడా ఎంతో, ఫిల్టరూ డబ్బా పైపూ, యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే త్రాటిల్ మూతా అన్నీ కలిసి గాలిని అంత అడ్డుకుంటున్నాయన్నమాట. బయట 100 కిలోపాస్కల్ ఉండి, లాగినప్పుడు 97 ఉంటే పోతున్నది 3 శాతం. పైపు పొడవు వల్ల వచ్చే చిన్నాచితకా లాభాలు వదిలేస్తే, ఎంత ఖరీదైన ఇంటేక్ పెట్టినా ఆ 3 శాతం కంటే ఎక్కువ తెచ్చివ్వలేదు, అందులోనూ త్రాటిల్ వాటా ఎక్కడికీ పోదు కాబట్టి సగం వెనక్కి వచ్చినా మంచిదే. 200 హార్స్‌పవర్ ఇంజన్‌కి ఒకటిన్నర శాతం అంటే 3 హార్స్‌పవర్, 15 కాదు. అదే రీడింగ్ 92, 93 చూపిస్తే నిజంగానే ఎక్కడో అడ్డు ఉంది, అప్పుడు కూడా ముందు పాత ఫిల్టర్ మట్టి కొట్టుకుపోయిందేమో చూడండి.

ఇంటేక్ బేరంలో చాలామంది పట్టించుకోనిది వేడి. గాలి 10 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 3 శాతం పలచబడుతుంది. అంటే పైన లెక్కగట్టిన లాభం మొత్తం ఆ 10 డిగ్రీలకే హరించుకుపోతుంది. షార్ట్ రామ్ అంటే బానెట్ కింద, రేడియేటర్ వెనకాల, ఏ మూతా లేకుండా కూర్చున్న ఫిల్టర్. ట్రాఫిక్‌లో పది నిమిషాలు నిలబడితే అది పీల్చేదంతా ఇంజన్ వదిలిన వేడిగాలే. చాలామంది పైపు అల్యూమినియమా ప్లాస్టిక్కా అని టెన్షన్ పడతారు గానీ, దానికంత విలువ లేదు. రెండు లీటర్ల ఇంజన్ 7,000 ఆర్‌పీఎంలో సెకనుకి సుమారు 115 లీటర్ల గాలి మింగుతుంది, 70 మి.మీ. పైపులో అది సెకనుకి 30 మీటర్ల వేగం, అంటే 60 సెంటీమీటర్ల పైపుని సెకనులో యాభయ్యో వంతులో దాటేస్తుంది. అంత కాసేపట్లో పైపు గోడ దాన్ని పెద్దగా వేడి చేయలేదు. గాలి పైపులోకి ఎక్కడినుంచి దూరుతోందన్నదే అసలు సంగతి.

కంపెనీ డబ్బాని తక్కువగా చూడకండి. అది ముందు భాగం నుంచి చల్లగాలి తెచ్చుకుంటుంది, నాలుగు వైపులా మూసి ఉంటుంది. అది వదులుకున్నది శబ్దాన్నే. చాలా కార్లలో పైపు పక్కన ఖాళీ డబ్బాలాంటిది ఒకటి అతికించి ఉంటుంది, దాని పని ఇంజన్ పీల్చే మోత తగ్గించడం. ఫిల్టర్ బయటపెట్టగానే బండి పరుగందుకున్నట్టు అనిపించడానికి సగం కారణం ఆ మోత మళ్లీ చెవిన పడటమే. శబ్దం కోసం కొనడం తప్పేమీ కాదు, నాకూ ఇష్టమే. కాకపోతే ఆ మాట మీకు మీరే ఒప్పుకుని కొనండి.

రెండో జవాబు:
పై అన్నగారు చెప్పిందంతా నిజం, అయితే ట్యూన్ లేకుండా పెట్టేవాళ్లు అన్నిటికంటే ముందు చూడాల్సింది, ఇంజన్‌లోకి పోయే గాలిని కొలిచే మాఫ్ సెన్సార్ కూర్చునే చోట పైపు వ్యాసం. నాకు అనుభవమైంది కాబట్టి వివరంగా రాస్తున్నాను. నా కారు వేరే, అదీ రెండు లీటర్లే. మా కారుకోసమే చేసిందని రాసి ఉన్న కిట్ కొన్నాను, బిగించిన వారం బాగానే నడిచింది, తర్వాత చెక్ ఇంజన్ లైటు వెలిగింది. కోడ్ పీ0171, అంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ. మెకానిక్ సెన్సార్ శుభ్రం చేసి కోడ్ చెరిపేశాడు, మూడు రోజులకి మళ్లీ వచ్చింది. గాలి ఎక్కడైనా లీకవుతోందేమోనని పైపులన్నీ తడిమాం, ఏమీ దొరకలేదు. చివరికి పాత పైపునీ కొత్త పైపునీ బల్ల మీద పక్కపక్కన పెట్టి వెర్నియర్ కాలిపర్స్‌తో లోపలి కొలత తీస్తే పాతది 70 మి.మీ., కొత్తది 76. పాతదాంట్లో సెన్సార్‌కి ముందు తేనెపట్టులాంటి జాలీ ఉంది, గాలిని సుడి తిరగకుండా తిన్నగా పంపడానికి. కొత్తదాంట్లో అది లేనే లేదు.

ఆరు మిల్లీమీటర్లే కదా అనుకోకండి. సెన్సార్‌లోని వేడి తీగ తన మీదుగా పోయే గాలినే కొలుస్తుంది, ఆ తీగ చెప్పినదాన్ని పాత పైపు వైశాల్యానికి లెక్కగట్టి కంప్యూటర్ పెట్రోలు కొడుతుంది. 70 నుంచి 76 అంటే వైశాల్యం 18 శాతం పెరిగింది. అదే గాలి వెడల్పాటి దారిలో నెమ్మదిగా పోతుంది, సెన్సార్ అసలుకంటే 15 శాతం తక్కువ చెబుతుంది, పెట్రోలూ అంతే తగ్గుతుంది. మామూలుగా నడిపేటప్పుడు ఆక్సిజన్ సెన్సార్ చూసి సర్దుతుంది, నా స్కానర్‌లో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలుని ఎంత శాతం పెంచి తగ్గిస్తోందో చెప్పే అంకె) ప్లస్ 18 కనిపించింది, ఆ సర్దుబాటే అది. పూర్తిగా తొక్కినప్పుడు చాలా కార్లు ఆ సర్దుబాటు చక్రం నుంచి బయటికొచ్చేసి ముందే రాసిపెట్టిన లెక్కతో నడుస్తాయి. అక్కడ 12.5కి ఒకటి ఉండాల్సిన గాలి పెట్రోలు పాళ్లు 14.7 వైపు జరిగితే, మీ 86లాంటి 12.5 కంప్రెషన్ (గాలిని అన్ని రెట్లు కుదించే) ఇంజన్‌లో నాకింగ్, అంటే పెట్రోలు అదుపు తప్పి మండిపోయే భయం ఉంటుంది. నాక్ సెన్సార్ దాన్ని పట్టుకుని, కంప్యూటర్ టైమింగ్ (నిప్పురవ్వ కొట్టే క్షణం) వెనక్కి లాగితే ఉన్న పవర్ కూడా పోతుంది. అందుకే ట్యూన్ చేయించనంటే, సెన్సార్ ఉండేచోట కంపెనీ కొలతే ఉన్న కిట్ కాకుండా ఇంకేదీ ముట్టుకోకండి. అమ్మేవాళ్లని అంకెల్లో అడగండి, చెప్పకపోతే వదిలేయండి.

అడిగినవారు:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. నిన్న ట్రాక్ మీద కొలిచాను. ఇగ్నిషన్ ఆన్‌లో 98, మూడో గేర్లో 7,000 దగ్గర 95. గాలి వేడి కూడా చూశాను, బయట 31 డిగ్రీలు ఉంటే పరుగులో 36, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు 50 దాటింది, కదిలిన రెండు మూడు నిమిషాలకి మళ్లీ దిగింది. మూతలేని ఫిల్టర్ ఆలోచన అక్కడితో మానుకున్నాను. ఇంకో రెండు సందేహాలు. బంపర్ కిందికి దిగే కోల్డ్ ఎయిర్ వర్షంలో ప్రమాదమా? నూనె పట్టించే ఫిల్టర్ మంచిదా, పొడిదా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
98కి 95 అంటే మీ డబ్బా తన పని చక్కగా చేస్తోంది.

బంపర్ లోపల కిందికి దిగే రకానికి చినుకులతో గొడవ లేదు, నిలిచిన నీళ్లతోనే గొడవ. ఫిల్టర్ నీళ్లలో మునిగిన క్షణంలో ఇంజన్ గాలికి బదులు నీళ్లు పీలుస్తుంది, నీళ్లు నలగవు, పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. రోజూ నడిపే కారుకి నేనైతే అది పెట్టను.

ఫిల్టర్ విషయంలో, నూనె రకం కడుక్కుని మళ్లీ వాడుకోవచ్చు, కానీ నూనె ఎక్కువ పోస్తే అది వెళ్లి మాఫ్ తీగ మీద పొరలా అంటుకుని రీడింగ్ చెడగొడుతుంది. చేయి కుదరదనుకుంటే పొడిది తీసుకోండి. ఏదైనా సరే, ఐఎస్ఓ 5011 పరీక్షలో దుమ్ము ఎంత శాతం ఆపిందో చెప్పే కంపెనీది చూడండి, గాలి బాగా వదులుతుందని మాత్రమే చెప్పేది వద్దు. వదిలేదాంట్లో దుమ్ము కూడా ఉంటే అది సిలిండర్ గోడల్ని గీకుతుంది.

మీకు నా సలహా ఇది. ముందు కంపెనీ డబ్బాలోనే మంచి ప్యానెల్ ఫిల్టర్ (డబ్బాలో పట్టే పలకలాంటి ఫిల్టర్) వేసి నెల నడపండి. శబ్దం చాలలేదనిపిస్తే అప్పుడు మూత ఉన్న డబ్బాతో వచ్చే కిట్, పై నుంచే గాలి తీసుకునేది, సెన్సార్ దగ్గర కంపెనీ కొలత ఉన్నది. బిగించేటప్పుడు ఇంజన్ లోపలి ఆవిర్లు తెచ్చే బ్రీదర్ గొట్టం సెన్సార్ తర్వాతి పైపుకే తగిలించాలి, గాలిలోకి వదిలేసి చిన్న ఫిల్టర్ తొడిగితే లెక్కలోకి రాని గాలి లోపలికి పోతుంది. సెన్సార్ మీద బాణం గుర్తు ఇంజన్ వైపు చూడాలి. క్లాంపులు గట్టిగా పట్టేదాకా చాలు, రబ్బరు కోసుకుపోయేలా తిప్పొద్దు. బిగించేముందు ఫ్యూయల్ ట్రిమ్ రాసి పెట్టుకుని, నాలుగైదు రోజులు నడిపాక మళ్లీ చూడండి. పాత అంకెకి అటూ ఇటూ 5 లోపు ఉంటే నిశ్చింత. 10 దాటితే పాతది మళ్లీ బిగించి, ఆ రెండు అంకెలూ ఇక్కడ పెట్టండి, చూద్దాం.

అడిగినవారు:
సరే అన్నా, ప్యానెల్ ఫిల్టరే ముందు. ఇప్పటి ట్రిమ్ ప్లస్ 2 ఉంది, రాసి పెట్టుకున్నాను. పాత ఫిల్టర్ తీసి చూస్తే మడతల్లో ఎండుటాకు ముక్కలు, ఒక సీతాకోకచిలుక రెక్క దొరికాయి. ఫిల్టర్ రాగానే నెల నడిపి అంకెలు పెడతాను.