మూడడుగుల రీఫ్ (పగడాల) ట్యాంకుకు టీ5 ట్యూబులైట్లు మంచివా, ఎల్ఈడీ మంచిదా?

అలిపిరి_రీఫ్:
పగడాలు (కోరల్) పెంచే ఉప్పునీళ్ల ట్యాంకు, 36×18×18 అంగుళాలు. సంప్‌తో (ట్యాంకు కింద పెట్టే ఫిల్టరు తొట్టి) కలిపి నీళ్లు దాదాపు 200 లీటర్లు. తిరుపతిలో పైమేడ గది, ఏసీ లేదు. ముందు జోయాంథిడ్స్, మష్రూమ్స్, లెదర్ లాంటి మెత్తని పగడాలు పెట్టి, ఆర్నెల్ల తర్వాత యాక్రోపోరా అనే రాతి పగడం పెట్టాలని ఉంది. 39 వాట్ల టీ5 ట్యూబులు ఆరున్న ఫిక్చర్, 55 బల్బుల నల్లపెట్టె ఎల్ఈడీ, లేదా రెండు ఎల్ఈడీ బార్లు. ఏది తీసుకోవాలి?

చిత్తూరు_టీ5:
ట్యూబులే తీసుకో తమ్ముడూ. కోరల్‌కు పైనా పక్కనా ఒకే తీరుగా వెలుతురు తగలాల. మూడడుగుల ట్యూబు ట్యాంకు పొడుగంతా పరుచుకుంటుంది, నీడ పడదు. నల్లపెట్టెలో ప్రతి బల్బుకూ లెన్స్ ఉంటుంది. నడిమధ్యన 300 పార్ (కోరల్‌కు పనికొచ్చే వెలుతురు కొలత) చూపించేది మూలల్లో 60కి పడిపోతుంది. ఒక్కో ట్యూబుకు విడిగా రిఫ్లెక్టర్ ఉన్న ఫిక్చరే చూడు. అన్నిటికీ కలిపి ఒకే రేకు పెట్టింటే వద్దు, వెలుతురు తిరిగి ట్యూబులకే తగిలి వృథా అవుతుంది. నాలుగు నీలం, ఒకటి పర్పుల్, ఒకటి తెలుపు వేసుకో.

నీలికాంతి:
ఆరు ట్యూబులంటే 234 వాట్లు. ఏసీ లేదని ఆయన రాసింది చదివారా అన్నా? రోజుకు పది గంటలు వెలిగితే నెలకు 70 యూనిట్లు. 120 వాట్ల ఎల్ఈడీకి 36. ట్యూబుల వేడి నేరుగా నీళ్ల మీదికి దిగుతుంది, ఎల్ఈడీ వేడి ఎక్కువగా హీట్‌సింక్ మీదుగా పైకి పోతుంది. ట్యూబులను 9 నుంచి 12 నెలలకోసారి మార్చాలి కూడా. మాడిపోవు, వెలుగుతూనే ఉంటాయి, కానీ రంగు మారి వెలుతురు తగ్గిపోతుంది. అది కంటికి తెలియదు. ఏటా ఆరు గాజు ట్యూబులు పగలకుండా కొరియర్‌లో రావాలి, అది వేరే బాధ.

చిత్తూరు_టీ5:
వేడికి ఫ్యాన్లున్నాయి. 200 లీటర్లు ఒక డిగ్రీ తగ్గాలంటే 350 మిల్లీలీటర్లు ఆవిరైతే చాలు. సంప్ మీద రెండు చిన్న ఫ్యాన్లు పెట్టి, ఆవిరైనంత ఆర్వో నీళ్లు ఆటో టాప్‌అప్‌తో (తగ్గిన నీళ్లు తానే నింపేది) పోయాల. ఉప్పునీళ్లు పోస్తే ఉప్పు శాతం ఎక్కిపోతుంది. బోరు నీళ్లయితే అసలే వద్దు.

నీలికాంతి:
మే నెల పొడి ఎండలో ఫ్యాను పనిచేస్తుంది. సెప్టెంబరు ఉక్కపోతలో గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది, నీళ్లు సరిగా ఆవిరి కావు. నీళ్లు రోజుల తరబడి 30 డిగ్రీలు దాటి ఉంటే, కోరల్ తన ఒంట్లో పెంచుకునే జూక్సాంథెల్లే అనే సూక్ష్మ నాచును వదిలేసి తెల్లబడుతుంది. దాని మీద గట్టి వెలుతురు కూడా పడితే ఇంకా త్వరగా పోతుంది.

కరెంటు_జాగ్రత్త:
ఏ లైటైనా సరే, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) లేకుండా ఉప్పునీళ్ల మీద వేలాడదీయొద్దు. వైరు సాకెట్ కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకెక్కాలి. అప్పుడు వైరు వెంట జారిన చుక్క సాకెట్లోకి పోదు.

తిరుచానూరు_జోయా:
మా నల్లపెట్టె కింద ఫోన్ యాప్ 18,000 లక్స్ చూపిస్తోంది. సరిపోతుంది కదా?

నీలికాంతి:
లక్స్ మనిషి కంటికి కట్టిన లెక్క. పచ్చని వెలుతురుకు ఎక్కువ మార్కులేస్తుంది, కోరల్‌కు పనికొచ్చే 450 నానోమీటర్ల నీలాన్ని దాదాపు పట్టించుకోదు.

తిరుచానూరు_జోయా:
ఒకే యాప్‌తో రోజూ చూస్తే పెరిగిందో తగ్గిందో అయినా తెలుస్తుంది కదా.

చిత్తూరు_టీ5:
తెలీదమ్మా. నీలం చానల్ సగం పెంచినా ఆ అంకె పెద్దగా కదలదు, పార్ మాత్రం పెరిగిపోతుంది. ఇందులో మాత్రం నీలికాంతి మాట నిజం. నీళ్లలో ముంచే సెన్సార్ ఉన్న పార్ మీటర్ నాలుగు రోజులు అరువు తెచ్చుకో. అపోజీ కంపెనీలో ఎస్‌క్యూ-520 లాంటి ఫుల్ స్పెక్ట్రమ్ రకమే తేవాల, పాత ఎస్‌క్యూ-120 నీలం ఎల్ఈడీని తక్కువ చూపిస్తుంది.

తిరుచానూరు_జోయా:
యాప్ ఉచితం కదా అన్నా.

చిత్తూరు_టీ5:
ఎల్ఈడీ వాళ్ల అంకెలు ఎట్లా నమ్మాలో కూడా చెప్తారా ఎవరైనా? నేను కొన్న డబ్బా మీద 165 వాట్లు, ప్లగ్ మీటర్లో 118. అడిగితే అమ్మినాయన ఫోన్ ఎత్తలేదు.

నీలికాంతి:
3 వాట్ల బల్బులు 55 కాబట్టి 165 అని రాస్తారు. వాటిని తక్కువ కరెంటు మీద నడుపుతారు, అందుకే మీటర్ అంత చూపిస్తుంది. మీ కోపం ఆ దుకాణం మీద అయితే దుకాణం మీదే చూపించండి. ఎల్ఈడీ ఏం చేసింది?

చిత్తూరు_టీ5:
మొదట్నుంచీ కరెంటు బిల్లు, వేడి, ఇవే చెప్తా ఉండారు! యాక్రో పెట్టాలని ఆ పిల్లోడు మొదటి పోస్టులోనే రాసినాడు. దానికి 250 నుంచి 350 పార్ కావాల. మీ 120 వాట్లతో మూడడుగులంతా అంత ఎట్లిస్తారో లెక్క చూపించండి.

నీలికాంతి:
ఇవ్వలేను. ఇవ్వాలని కూడా లేదు. యాక్రో పెట్టొద్దనే నా మాట. రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, పులి ఉన్న జాబితాలోనే. సీ ఫ్యాన్లూ అంతే. మన్నార్ సింధుశాఖలో విరిచిన కొమ్మ ఏ చేతులు మారి మన ఊరికొచ్చిందో కొనేవాడికి తెలియదు. 350 పార్ లైటు కొనిపిస్తే, ఏడాదిలోపు దాని కిందికి ఆ కొమ్మ కూడా కొనిపించినట్టే. జోయాంథిడ్స్, మష్రూమ్స్, లెదర్ ఆ జాబితాలో లేవు. వాటికి 60 నుంచి 120 పార్ చాలు.

చిత్తూరు_టీ5:
ఈ మాట మొదట్లోనే అనుండొచ్చు కదా? సముద్రంలో విరిచింది పెట్టమని నేనెక్కడన్నా? బయటి దేశాల్లో ముక్క నుంచి పెంచిన పగడాలు (ఫ్రాగ్స్ అంటారు) ఉన్నాయి.

నీలికాంతి:
అవీ సైటిస్ (అంతరించే జీవుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) అనుబంధం 2లో ఉన్నవే. దిగుమతి అనుమతి కాగితం చేతికిచ్చే అమ్మకందారుని చూపిస్తే నా మాట వెనక్కి తీసుకుంటాను. కాగితం లేకపోతే పెంచినదీ విరిచినదీ చూడ్డానికి ఒకటే.

చిత్తూరు_టీ5:
కాగితం లేనిది కొనొద్దు, ఒప్పుకుంటా. జోయాకైతే ఆరొద్దు, నాలుగు ట్యూబులు చాలు. ట్యూబులే గానీ.

అలిపిరి_రీఫ్:
యాక్రో ఆలోచన మానుకున్నా. 60 వాట్ల బార్లు రెండు తీసుకుంటా. ఎంత ఎత్తులో, ఎంత శాతంతో మొదలుపెట్టాలి?

నీలికాంతి:
రెండూ ట్యాంకు పొడవునా పెట్టండి. ఒకటి ముందు గాజుకు 5 అంగుళాల లోపల, ఒకటి వెనక గాజుకు 5 అంగుళాల లోపల. అప్పుడు కోరల్ ఉన్న రాయికి రెండు వైపుల నుంచీ వెలుతురు పడుతుంది, అన్న చెప్పిన నీడల బెడద చాలావరకు పోతుంది. నీళ్ల మీద 10 అంగుళాల ఎత్తు. నీలం 35 శాతం, తెలుపు 10తో మొదలుపెట్టి నీలం వారానికి 5 చొప్పున పెంచండి. పార్ మీటర్ రాయి మీద 100 చూపించగానే ఆపేయండి. జోయా కాడ సాగి పైకి లేస్తే వెలుతురు చాలడం లేదని, ముడుచుకుని పాలిపోతే ఎక్కువైందని అర్థం. నైట్రేట్ సున్నా అయినా పాలిపోతుంది, అందుకే లైటు తగ్గించే ముందు అది పరీక్షించండి, 5 నుంచి 10 పీపీఎం ఉండాలి. బార్ అడుగున పేరుకునే ఉప్పును వారానికోసారి ఆర్వో నీళ్లతో తడిపిన గుడ్డతో తుడవండి, లేకపోతే వెలుతురు తెలియకుండానే పడిపోతుంది. రోజుకు 9 గంటలు, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 11. నడుమ నాలుగు గంటలే పూర్తి వెలుతురు.

చిత్తూరు_టీ5:
ఎండాకాలం ఆ టైము వద్దు. పైమేడ స్లాబు పగలంతా కాగి సాయంత్రం నుంచి వేడి వదుల్తుంది, రాత్రి 9కి కూడా గది చల్లబడదు. మార్చి నుంచి జూన్ దాకా తెల్లారి 4కి వెలిగించి మధ్యాహ్నం 1కి ఆపెయ్యి. ఒకేసారి జరపొద్దు, రోజుకు అరగంట చొప్పున మార్చుకో.